శత్రువు చేతిలో దిక్సూచి

నమోదు 1. పరుగుకు మూడు రోజుల ముందు

పొద్దున్న లేచేసరికి పొయ్యి పక్కన మళ్ళీ టేకు మొక్కలు. గింజయంత్రం ఒకటి వచ్చి, నా అంట్ల బండ చుట్టూ వరుస తప్పకుండా నాటి పోయింది. ఆ యంత్రాలను చేసినవాళ్ళు ఇప్పుడు లేరు. ఆపడం ఎలాగో తెలిసినవాళ్ళు అసలే లేరు. మేకంత ఎత్తున, ఆరు కాళ్ళ మీద, వాటి మానాన అవి అడవి పెంచుకుంటూ పోతున్నాయి. మొక్కలన్నీ పీకేసరికి నా నడుం పడిపోయింది. పోనీ పొయ్యిలోకైనా పనికొస్తాయా అంటే, పచ్చివి కదా, మంట లేదు, పొగ మాత్రం కావలసినంత.

నా పేరు ముత్యాలు. కొత్తలంక గుడిసెల తరఫున ఈ ఏడు అడవి పరుగు నాది. ఎంపికైన రోజు నుంచి వానలు వెలిసేదాకా పరుగు మనిషి దినచర్య రాయాలని నియమం. తగువు వస్తే కొండవాళ్ళ పెద్ద పండుదొర చదివి తీర్పు చెబుతాడు. ఈ కొండల్లో ముందునుంచీ ఉన్నది వాళ్ళు కాబట్టి తీర్పు వాళ్ళది. చదువుకో దొరా, నేను ఎవరికీ భయపడి రాయడం లేదు.

సముద్రం పైకొచ్చి మా లంకలను మింగేశాక మేం ఈ కొండలెక్కాం. విశాఖ తీరం నుంచి రాళ్ళపేట వాళ్ళూ ఇక్కడికే వచ్చిపడ్డారు. వానాకాలంలో పైబసలో ఒక్క ఊరికే చోటుంది. అక్కడ గట్టి కప్పులున్నాయి, కరెంటుంది, మందులున్నాయి. ఓడినవాళ్ళు దిగువబసకి పోవాలి. అక్కడ బురద, జ్వరం. ఆ జ్వరం పైకి పాకకుండా చినుకు పడగానే పైబస గేటు మూసేస్తారు. కిందివాళ్ళు ఎక్కకూడదు. పైనుంచి ఒకసారి దిగినవాళ్ళని కూడా వానలు వెలిసేదాకా మళ్ళీ రానివ్వరు.

మా చెల్లెలు సుభాషిణికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు, దానికి తోడు రక్తం తక్కువ. పాదాలు పొంగిపోయి చెప్పులు పట్టడం లేదు. అడ్డమైన ప్రతివాడూ దాని పొట్ట వైపు చూసి, తర్వాత నా కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"అక్కా, పైనే కంటాను కదే?" అని అడిగింది ఇందాక.

"పైనే కంటావు. నోరు మూసుకుని ఆ గంజి తాగు" అన్నాను.

నమోదు 2. పరుగు రోజు, బయలుదేరే ముందు

ఆకాశం మసిగుడ్డలా ఉంది. ఎండ మొహం కనబడి వారమైంది. అంటే సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకునే వీలు లేదు.

అడవిలో అయిదు జెండాలు పాతారు. ఊరికి ఒక మనిషి. అయిదూ ముట్టుకుని ముందు తిరిగి వచ్చినవాళ్ళ ఊరు పైబసకి పోతుంది. మేం ఒకటి నుంచి అయిదుకి వెళ్ళాలి, వాళ్ళు అయిదు నుంచి ఒకటికి. పటం నా చేతిలోనే ఉంటుంది. దిక్సూచి మాత్రం నా వెంట నడిచే సాక్షి దగ్గర ఉంటుంది. ఆ సాక్షి రాళ్ళపేట మనిషి. మొదటి ఏడాది రెండు ఊళ్ళ వాళ్ళూ ఎదుటివాళ్ళకి దొరక్కుండా జెండాలు పీకి దాచారు. అప్పటి నుంచి శత్రువునే కాపలా పెట్టారు. కాపలాని వదిలేసి పరిగెత్తకుండా దిక్సూచి వాళ్ళ చేతికే ఇచ్చారు. "దిక్కు" అని అడిగితే సాక్షి చెయ్యి చాపి ఉత్తరం చూపించాలి. అంతకుమించి ఒక్క ముక్క సాయం చెయ్యకూడదు. తప్పు దిక్కు చూపినట్టు తేలితే ఆ సాక్షి ఊరు ఓడినట్టే.

వాళ్ళ పరుగు మనిషి కర్రపుల్లలాంటి పిల్ల. దానికి మా తరఫు సాక్షి గంగరాజు, సుభాషిణి మొగుడు.

నాకు వచ్చిన సాక్షి నూకరత్నం. యాభై దాటిన మనిషి. నవ్వు అనేది పుట్టుకతోనే మరిచిపోయి వచ్చినట్టుంది. దిక్సూచిని తాడుతో మెడలో వేసుకుని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"జోళ్ళు బిగించి కట్టుకో. నువ్వు పడితే మొయ్యడానికి రాలేదు నాను" అంది.

"నువ్వు పడితే నేను ఆగను" అన్నాను.

డప్పు మోగబోతోంది.

నమోదు 3. రెండో జెండా

ప్రతి జెండా దగ్గరా ఇసుక గడియారం తిరగేసి, ఇసుకంతా జారేదాకా ఇద్దరమూ కూర్చోవాలి. ఒక ఏడాది ఒకడు ఉక్కకి గుండె ఆగి పోయాక పెట్టిన నియమం. ఆ ఖాళీలోనే ఈ రాతలు.

మొదటి జెండా టేకు తోటలో దొరికింది. అక్కడ చెట్లన్నీ ఒకే ఎడం, ఒకే లావు. కాసేపు పరిగెడితే అసలు కదిలామా లేదా అని అనుమానం వస్తుంది. పటంలో అక్కడ గడ్డి మైదానమని ఉంది. పటం గీసినప్పుడు మైదానమే, తర్వాత యంత్రాలు నాటేశాయి. అందుకే నేను చెట్లను లెక్కలోకి తీసుకోను. గట్టు ఎటు వాలింది, వాగు ఎటు పారుతోంది, అదే చూస్తాను. యంత్రాలు చెట్లను మార్చగలవు గాని కొండను మార్చలేవు.

రెండో జెండా వెదురు పొదల నడుమ ఉంది. వెదురులో పరుగు అంటే పక్కకు తిరిగి, వంగి, పాకుతూ పోవడమే. నా జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. నూకరత్నం ఒక్కసారి కూడా వెనకబడలేదు. నాకు అదే ఒళ్ళు మంట.

ఇప్పుడు ఎదురెదురుగా కూర్చున్నాం. ఇసుక నత్తనడక నడుస్తోంది.

"నీ సెల్లెలికి ఎన్నో నెల?" అని అడిగింది ఉన్నట్టుండి.

"నీకెందుకు?"

"నర్సుని. అలవాటు."

ఆమె వెదురాకు తుంపుతూ తనంతట తనే మాట్లాడింది. "పోయినేడు మేం ఓడి కిందన ఉన్నాం. నా కోడలు కాన్పులో పోనాది. నా సేతుల్లోనే. పని తెలుసు, మందు లేదు. రగతం ఆగనేదు. పసిగుంటడు బతికాడు. ఇప్పుడు నానే పెంచుతున్నాను."

ఆ మాట నన్ను మెత్తబరచడానికే అంటోందని అనుకున్నాను. నా కాళ్ళు లాగడానికి ఏడుపు కథ చెబుతోందని.

"అయితే మా చెల్లెలు కూడా చావాలంటావా?" అన్నాను.

ఆమె మొహం గట్టిపడింది. "నాను ఏటీ అన్నేదు. ఇసుక అయిపోనాది. లెగు."

నమోదు 4. మూడో జెండా

మోసం చేసింది.

మూడో జెండాకి పాత కాఫీ తోట దాటాలి. అక్కడ నేల చాప పరిచినంత సమంగా ఉంటుంది. వాలు లేదు, వాగు లేదు. పైగా మంచు దిగింది. సిల్వర్ ఓక్ చెట్లు నాలుగు వైపులా ఒకేలా ఉన్నాయి. నాకు వేరే గతి లేక, తోట మధ్యలో ఒక మట్టిదిబ్బ పక్కన ఆగి "దిక్కు" అని అడిగాను. ఆమె ముల్లు చూసి చెయ్యి చాపింది. ఆ లెక్కన తూర్పుకి పరిగెత్తాను.

జెండా రాలేదు. వాగు వచ్చింది, అదీ పటంలో దక్షిణాన ఉన్న వాగు. రాళ్ళ మీద జారుతూ, గట్టు ఎక్కుతూ దిగుతూ, చివరికి ఆ వాగు పట్టుకునే పైకి వచ్చి మూడో జెండా వెతుక్కున్నాను. ఎంత పొద్దు పోయిందో దేవుడికే తెలియాలి. ఈపాటికి ఆ కర్రపుల్ల సగం పైన ముగించి ఉంటుంది.

పండుదొరా, ఇది నా ఫిర్యాదు. రాళ్ళపేట సాక్షి నూకరత్నం కాఫీ తోటలో నాకు తప్పు ఉత్తరం చూపించింది. పటం మీద నా దారి గీసి పెట్టాను. దక్షిణపు వాగు దగ్గర నా జాడలు ఉన్నాయి. మనిషిని పంపి చూసుకో.

ఆమె ముందే ఈ ముక్కలన్నీ పైకి చదివాను.

"ముల్లు ఎటు సూపితే అటే సెప్పినాను" అంది.

"నీ కోడలి మీద ఒట్టేసి చెప్పు."

"సచ్చినదాని మీద ఒట్టెయ్యను. రాసుకో, నీ ఇట్టం."

నమోదు 5. నాలుగో జెండా

పిక్కల నిండా జలగలు. మోకాలి కింద చీరుకుపోయి రక్తం కారుతోంది. తప్పు నాదే, కాని అది ఆమె వల్ల చేసిన తప్పు.

ఇక్కడికి వచ్చే దారి లోయలోంచి. చిత్తడి నేల, పైన ఆకాశం కనబడనంత గుబురు. మళ్ళీ దిక్కు అడగక తప్పలేదు. ఆమె చెయ్యి చాపింది. ఈసారి నేను మోసపోదలచుకోలేదు. ఆమె అటు అందంటే ఉత్తరం ఇటే అయి ఉంటుందని, తిరిగి రెండో వైపు లెక్క పెట్టుకుని పరిగెత్తాను. ఆమె వెనకాలే వచ్చింది. వద్దని అనలేదు. అనకూడదు కూడా. ముళ్ళ డొంకలో దూరి, జలగల మడుగు దాటి, రాతి గోడ లాంటి చరియ కింద తేలాను. ముందుకు దారి లేదు.

పళ్ళు కొరుకుతూ బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాను. ఆమె చూపిన లెక్కన నడిచాను. జెండా అక్కడే ఉంది, పొదలో.

ఒకసారి అబద్ధం, ఒకసారి నిజం. మనిషికి మతి పోగొట్టే ఉపాయం ఇంతకంటే ఏముంటుంది? ఇక ఆమె నోటి మాట వినేది లేదు. కాఫీ తోట మళ్ళీ దాటాలి. ఈసారి ఆమె మెడలోది లాక్కునైనా నా కళ్ళతో చూస్తాను. నియమం తప్పినా సరే.

నమోదు 6. అయిదో జెండా

చేరాం. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

నమోదు 7. అదే రోజు, సాయంత్రం

ఇందాక రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పుడు రాసినా రాయకపోయినా పోయేదేమీ లేదు.

కాఫీ తోటలో అదే మట్టిదిబ్బకి కాస్త దూరంలో నూకరత్నం మెడలోంచి దిక్సూచి లాగాను. తాడు తెగింది. ఆమె అరవలేదు, చూస్తూ నిలబడింది. ముల్లు వైపు చూస్తూ నడిచాను, దిబ్బ దగ్గర పడే కొద్దీ ముల్లు మెల్లగా పక్కకు తిరిగింది. వెనక్కి వస్తే సర్దుకుంది. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తిరిగింది.

మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తవ్వాను. గింజయంత్రం. పాడైపోయి, తనకు తానే గొయ్యి తీసుకుని కూరుకుపోయింది. దాని పొట్ట నిండా మోటార్లు, ప్రతి మోటారులో అయస్కాంతాలు. నేను దిక్కు అడిగింది సరిగ్గా దాని పక్కన నిలబడి. నూకరత్నం ముల్లు చూపినదే చూపింది.

"సూసినావు కదా. నడు" అంది. అంతే. దిక్సూచి తీసుకుని, తెగిన తాడు ముడి వేసుకుంది.

గుడిసెల దగ్గరికి వచ్చేసరికి కర్రపుల్ల ఎప్పుడో వచ్చేసి అంబలి తాగుతోంది. గంగరాజు తల దించుకుని ఉన్నాడు. "ఆ పిల్ల ఒక్కసారి కూడా దిక్కు అడగలేదు వదినా. నేను అబద్ధం చెప్తానని దాని బయం. కాఫీ తోటలోకే రాలేదు, గట్టెమ్మటే చుట్టూ తిరిగొచ్చింది" అన్నాడు.

పండుదొర ముందు తను చదువుకుని, వాగు దగ్గరికి మనుషులతో వెళ్ళి వచ్చి, అప్పుడు నా దినచర్య అందరి ముందూ చదివాడు. ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి మా వాళ్ళు ఈలలు వేశారు. రాళ్ళపేట వాళ్ళు కర్రలు అందుకున్నారు. ఫిర్యాదు పడిన సాక్షి నోరు విప్పకూడదని నియమం. ఎవరైనా తాను నిజమే చెప్పానంటారు కదా. అందుకని నూకరత్నం చేతులు కట్టుకుని కొండ వైపు చూస్తూ నిలబడింది.

"వాగు దగ్గర జాడలు చూసి వచ్చాం. నువ్వు రాసినట్టే ఉన్నాయి. ఫిర్యాదు నిలబెడతావా అమ్మా?" అని అడిగాడు పండుదొర.

సుభాషిణి ముందు వరుసలో కూర్చుని ఉంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నాకేసి తల ఊపింది. నిలబెట్టు అని. ఒక్క అవును చాలు. నూకరత్నం ఒక్కసారి నన్ను బతిమాలుతున్నట్టు చూసి ఉంటే, నిజంగా చెబుతున్నాను, అవునని అనేసేదాన్ని. ఆమె చూడలేదు. ఆ పొగరు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటి నుంచి దయ తనకు అక్కర్లేదట. సరే, అయితే నిజమే తీసుకో అనుకున్నాను.

"నిలబెట్టను. ఆవిడ ముల్లు చూపిందే చూపింది. దిబ్బ కింద చచ్చిన యంత్రం ఉంది, వెళ్ళి తవ్వుకోండి" అన్నాను.

మా వాళ్ళలోంచే ఎవరో మట్టిగడ్డ విసిరారు. నా వీపుకి తగిలింది. గంగరాజు నా ముందుకి వచ్చి ఉమ్మేసి వెళ్ళాడు. సుభాషిణిని ఇద్దరు పట్టుకుని లేపారు.

"నన్ను చంపేశావే అక్కా" అంది.

నూకరత్నం అప్పటికే వెళ్ళిపోయింది. దణ్ణం లేదు, మాట లేదు. నేనేమీ ఆశించలేదు. అబద్ధం ఎందుకు, కొంచెం ఆశించాను.

నమోదు 8. దిగువబస, వానల్లో

పొద్దున్నే సుభాషిణికి నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి బట్టలన్నీ రక్తం. దిగిన దగ్గర నుంచి నాతో మాట్లాడనిది, ఇవాళ నా చెయ్యి పట్టుకుని వదలలేదు. విడిపించుకుని పరిగెత్తాను.

పైబస మా నెత్తి మీదే కనబడుతుంది, చరియ అంచున. దారి మాత్రం అడవి చుట్టూ తిరిగి పోవాలి. వాన కళ్ళలో కొడుతోంది. నా చేతిలో పటమూ లేదు, ఏమీ లేదు. గట్టు వాలు కాళ్ళకి తెలుస్తూనే ఉంది, దాన్నే పట్టుకుని ఎక్కాను.

గేటు దగ్గర జ్వరం చూసే పని నూకరత్నానిది. నా ఖర్మ అనుకున్నాను.

"ఆగక్కడ. నోపలికి రానియ్యను" అంది కమ్మీల వెనక నుంచి.

"నన్ను రానివ్వకు. మందు పడెయ్. రక్తం ఆగడం లేదు."

"ఉమ్మనీరు పోనాదా?"

"పోయింది."

"తల కనపడతందా?"

"లేదు. తెలీదు. నాకేం తెలుసు?" అని ఏడ్చేశాను. ఆమె ముందు ఏడవడం కంటే చావడం నయం, అయినా ఏడ్చాను. "మందు పడెయ్యి తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మందు పడేత్తే నువ్వేటి సేత్తావు? మొకానికి రాసుకుంటావా?"

లోపలికి వెళ్ళిపోయింది. నేను గేటు కమ్మీలను కాలితో తన్నుతూ, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆమె సంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చింది. వెనకాలే ఆమె కొడుకు, చంకలో పసివాడితో.

"అమ్మా, దిగితే మల్లీ ఎక్కనియ్యరు. గుంటడు నువ్వు నేకుండా ఉండడు" అంటున్నాడు.

ఆమె పిల్లవాడి తల మీద ఒకసారి చెయ్యి వేసింది. గేటు తీసుకుని బయటికి వచ్చి, తన చేత్తోనే మూసేసింది. గడియ లోపలి నుంచి పడింది.

"నీ మొకం సూసి వత్తన్నాననుకోకు. బేగి నడు" అంది నాతో.

నమోదు 9. దిగువబస, వానలు ఇంకా వెలియలేదు

ఆడపిల్ల. తల్లి బతికింది. రక్తం ఆగేదాకా నూకరత్నం దాని పక్క నుంచి లేవలేదు. ఆ తర్వాత మాకు మూడో గుడిసెలో దిగింది. ఆమెను చూసి మా వాళ్ళు మొహం తిప్పుకుంటారు. పైన వాళ్ళు ఆమె పేరెత్తితే ఉమ్ముతున్నారట, కష్టపడి గెలిచిన చోటు వదిలి శత్రువు గుడిసెకి పోయిందని. నాతో ఆమె ఇప్పటికీ తిన్నగా మాట్లాడదు. నిన్న కూడా పిల్లకి నీళ్ళు పొయ్యడం నాకు రాదని అందరికీ వినబడేలా అరిచింది. నేనూ అరిచాను. నాకు ఆ మనిషి గిట్టదు, ఆమెకి నేను గిట్టను.

వాన తెరిపి ఇచ్చిన సాయంత్రాల్లో ఆమె కొడుకు పైన చరియ అంచుకి వచ్చి, పిల్లవాణ్ణి ఎత్తి చూపిస్తాడు. ఈమె కింద బండ మీద నిలబడి చెయ్యి ఊపుతుంది. మొదట్లో వాడు ఈమె వైపు రావడానికి తండ్రి చేతుల్లోంచి గింజుకునేవాడు. తర్వాత ఊరికే చెయ్యి ఊపేవాడు. ఇవాళ కిందకి చూసి, తండ్రి మెడలో మొహం దాచుకున్నాడు. ఈమెని మరిచిపోయాడు.

నూకరత్నం చెయ్యి ఊపడం ఆపలేదు.

నేను వెళ్ళి పక్కన నిలబడి చెయ్యి ఊపాను.

"దించు నీ సెయ్యి. నువ్వెవరో ఆడికేటి తెలుసు?" అంది.

నేను దించలేదు.